గంటస్తంభం కబుర్లు

కూచోండర్రా. కుంపటికి మరీ దగ్గరగా వద్దు. ధనుర్మాసం చలికి జడిసి చొక్కాలు కాల్చుకుంటే రేపు మీ అమ్మలు నన్నంటారు. ఇదిగో, నిన్నేరా, ఆ ఫోను కాసేపు బోర్లించు. టైమెంతైందో చూసుకోవాలా? చూసుకుని ఏం చేస్తావు? పొద్దున్నుంచీ పదిసార్లు చూశావు, లేచింది మాత్రం బారెడు పొద్దెక్కాకే కదా!

మధ్యాహ్నం బజారుకెళ్లి వచ్చి ఓ మాట అడిగావు. "తాతా, గంటస్తంభం అంటారు గానీ పైన గడియారమే కనపడుతుంది, గంట కనపడదు. పోనీ స్తంభమా అంటే లోపల మెట్లున్న మేడలా ఉంది. ఆ పేరు ఎవరు పెట్టారు?" అని. అప్పుడు భోజనం వేళ కాబట్టి ఊరుకున్నాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఇప్పుడు నువ్వడిగావు, నేను చెప్తాను. మధ్యలో ఆవలించావంటే మళ్లీ మొదట్నుంచీ మొదలెడతాను, ఆలోచించుకో.

మన విజయనగరం గంటస్తంభం కట్టింది 1885లో. అప్పుడు రాజ్యం ఆనంద గజపతి వారిది. ఎత్తు 68 అడుగులు, ఎనిమిది పలకలు, ఇసుకరాయి కట్టడం. అయిన ఖర్చు 5,400 రూపాయలు. నవ్వకు. ఇప్పుడు ఆ సొమ్ముకి నీ చేతిలో ఉన్నలాంటి ఫోనైనా రాదని నాకూ తెలుసు. ఆ రోజుల్లో మాత్రం రూపాయంటే పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు. కాణీకి కూడా ఏదో ఒకటి చేతిలో పెట్టేవారు కొట్టువాళ్లు. ఇంకో సంగతి విను. గంటస్తంభం లేచేనాటికి మనూరికి రైలు లేదు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టుకోస్టు లైను వేసింది 1893 మొదలు 1896 లోపల. అంటే టైము ముందొచ్చింది, ఆ టైముకి అందుకోవలసిన బండి తర్వాతెప్పుడో వచ్చింది. మనవాళ్లు మొత్తానికి తొందర పడ్డారన్నది ఆ ఒక్కసారే!

మరి అంతకుముందు జనం ఎలా బతికారంటావా? బాగానే బతికారు. కోడి కూసే వేళ, పాలు పితికే వేళ, పశువులు ఇంటికి తిరిగే వేళ, దీపాలు పెట్టే వేళ. ఎవరిని అడిగినా ఈ లెక్కే. ఇంకాస్త పట్టింపున్నవాడు తన నీడని తనే అడుగులతో కొలుచుకునేవాడు. పంతుళ్లకి మాత్రం ఘడియలు కావాలి. రోజుకి అరవై ఘడియలు, ఘడియకి ఇరవై నాలుగు నిమిషాలు, ఏడున్నర ఘడియలు ఒక జాము, రోజుకి ఎనిమిది జాములు. తెల్లవారుజాము అని ఇప్పటికీ అంటావా లేదా? నీకు దాన్ని చూసే యోగం లేకపోయినా మాటైతే వాడుతున్నావు కదా.

ఘడియ కొలవడానికి గడియకుడుక అని ఉండేది. అడుగున సన్నటి బెజ్జం ఉన్న చిన్న గిన్నె. దాన్ని నీళ్లతొట్టిలో తేల్చి వదిలితే బెజ్జంలోంచి నీళ్లు ఎక్కి, సరిగ్గా ఘడియకి బుడుంగుమని మునుగుతుంది. మునగ్గానే పక్కనున్నవాడు కంచు పళ్లెం మీద ఒకటి కొట్టి, గిన్నె ఒంపి మళ్లీ తేల్చాలి. పెళ్లిళ్లలో లగ్నానికి ఇదే ఆధారం. ఆ గిన్నె దగ్గర కాపలాకి ఒకణ్ని కూచోబెట్టేవారు. ఏ చంటిపిల్లాడో వచ్చి తొట్టిలో చేయి పెట్టకుండా చూడ్డం వాడి పని. అంతమంది చుట్టాలు, అన్ని వంటలు, బయట సన్నాయి, వీడేమో గిన్నె వంక గుడ్లప్పగించి కూచోవాలి. పాపం, బూరెల వాసనొస్తే వాడికీ ముక్కుందిగా! వాడు అటు వెళ్లొచ్చేలోపు గిన్నె మునిగి ఎంతసేపైందో చెప్పేదెవరు? ఆ లగ్నాలకే మన ముత్తాతల పెళ్లిళ్లయ్యాయి, నిక్షేపంగా కాపరాలు చేశారు. సెకన్లతో సహా చూసుకుని తాళి కట్టినవాళ్ల సంగతి మీరే చూస్తున్నారు, నేను చెప్పడమెందుకు?

సరే, గంటస్తంభం దగ్గరకొద్దాం. అంత ఎత్తున గడియారం పెట్టారు కదా, 1885లో దాని మొహం చూసి టైం చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారనుకుంటున్నావు? కాలేజీ పంతుళ్లు, కచేరీ గుమాస్తాలు, నలుగురు వకీళ్లు. అలాంటి గడియారాల మీద అంకెలు కూడా మామూలువి కావు, రోమను గీతలు. కూరలమ్మి, బండి తోలేవాడు, సంతకొచ్చిన రైతు ఆ గీతలు చూసి ఏం చెప్తారు? ఒకటీ రెండూ మూడూ పోల్చుకోవచ్చు, ఐదు దగ్గరకొచ్చేసరికి అది గీతా, గాటా అన్నది తేలదు. కానీ పైన సుత్తి పడి గంట మోగిందంటే లెక్కపెట్టుకోలేనివాడు లేడు. ఠంగ్ మని ఐదుసార్లు మోగిందా, ఐదైనట్టే. దానికి బడికెళ్లక్కర్లేదు, తలెత్తి చూడక్కర్లేదు, చూపానక్కర్లేదు. గోడ అవతల పిండి రుబ్బుకుంటున్న ముసలమ్మకీ అందుతుంది.

అదీ నేను చెప్పదలచుకున్నది. గడియారం చదువుకున్నవాడి కంటికి, గంట అందరి చెవికీ. ఆ కట్టడానికి గంటస్తంభం అని పేరు పెట్టింది చదువుకున్నవాళ్లయితే గడియార స్తంభం అనే అనేవారు. ఇది విన్నవాళ్లు పెట్టిన పేరు. ఏ గెజిట్‌లో అచ్చయిందని అడగకు, ఇది నా లెక్క. ముసలాళ్లకి లెక్క చెప్పే హక్కుంది, నీకు వినే బాధ్యత ఉంది.

లెక్కంటే గుర్తొచ్చింది. ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే డెబ్బై ఎనిమిది. పగలోసారి, రాత్రోసారి. అంటే గంటలు మాత్రమే కొట్టే గడియారమైతే రోజుకి 156 దెబ్బలు కొట్టాలి. అన్ని దెబ్బలు కొట్టే సుత్తికి బలం ఎక్కణ్నుంచి వస్తుంది? కరెంటు అనకు. ఆ రోజుల్లో బరువులే బలం. తాళ్లకి పెద్ద ఇనప దిమ్మలు వేలాడుతుంటాయి. ఒక దిమ్మ ముళ్లని నడుపుతుంది, ఇంకో దిమ్మ సుత్తిని నడుపుతుంది, నడుమ లోలకం అటూ ఇటూ ఊగుతూ పళ్లచక్రాన్ని ఒక్కొక్క పన్నే వదులుతుంది. దిమ్మలు కిందికి దిగిపోతే గడియారం ఆగిపోతుంది. అందుకని వారానికోసారో ఎప్పుడో ఒక మనిషి మెట్లెక్కి, పెద్ద హేండిల్ తిప్పి దిమ్మల్ని పైకి లాగాలి. దీన్నే కీ ఇవ్వడం అనేవారు. ఊరందరికీ టైము చెప్పే గడియారానికి కీ ఇచ్చే మనిషి! వాడి దర్జా చూడాలి. జీతం చూస్తే సోలెడు, నడక చూస్తే దివాన్‌గారిది.

పాతకాలం గడియారాల్లో ఇంకో తమాషా ఉంది. చాలావాటిలో గంటలు లెక్కపెట్టే చక్రం వేరు, ముళ్ల చక్రం వేరు. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు. ఏ కారణం చేతనైనా సుత్తి ఒక విడత తప్పిందంటే ఇక అంతే, ముల్లు మూడు దగ్గరుంటుంది, గంట రెండు కొడుతుంది. ఓ ఊళ్లో, ఏ ఊరో చెప్పను, ఇలాగే సుత్తికీ ముల్లుకీ చెడింది. నడిరాత్రి రెండింటికి ఐదు గంటలు కొట్టింది. పక్క వీధిలో ఓ పెద్దాయన, కార్తీకమాసం స్నానం అని చెంబు పట్టుకుని చెరువుకి బయల్దేరాడు. వెనకాల ఇంటావిడ దీపాలు పట్టుకుని. చెరువు గట్టున కూచుని కూచుని, "ఏటే, సూర్యుడు ఇంకా రాడు" అంటాడట. తెల్లారాక నలుగురూ నవ్వితే ఆయన ఒప్పుకున్నాడా? ఒప్పుకోలేదు. "గంట సరిగ్గానే కొట్టింది, ఇవాళ సూర్యుడే ఆలస్యం" అన్నాట్ట. ఆడలేక మద్దెల ఓడన్నారని వింటాం. ఈయన మద్దెలని కాదు, ఏకంగా సూర్యుడినే పట్టుకున్నాడు.

గంటంటే మీకు గుడి, బడి తప్ప ఏం తెలుసు? మా రోజుల్లో ఎక్కడ చూసినా గంటే. తాలూకా కచేరీ దగ్గర ట్రెజరీ కాపలా కాసే జవాను గంటగంటకీ కంచు బిళ్ల మీద కొట్టేవాడు. వాడు కునుకు తీయలేదని పై అధికారికి అదే రుజువు. రాత్రి పన్నెండింటికి పదకొండే కొట్టి పడుకున్నాడని ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలంటే, ఫిర్యాదు చేసేవాడు కూడా మేలుకుని లెక్కపెట్టి ఉండాలి కదా! మా బళ్లో అయితే గంటకి డబ్బుల్లేక రైలు పట్టా ముక్క ఒకటి వేపచెట్టుకి వేలాడదీశారు. మొదటి గంట, రెండో గంట వేరు, ఇంటి గంట వేరు. ఇంటి గంట గణగణమని ఆపకుండా కొట్టేవారు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మోత వినపడితే నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. అరె, ఎక్కడికో పోయాను. కుంపట్లో రెండు బొగ్గులు వెయ్యి.

మన తూర్పు వాళ్లు గంటస్తంభం అంటే, మిగతా చోట్ల ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. నల్లగొండలో గడియారం సెంటర్. చీరాలలో గడియార స్తంభం. కరీంనగరంలో టవర్ సర్కిల్ అనేసి ఊరుకుంటారు, గంటా లేదు, గడియారమూ లేదు. అనంతపురంలో క్లాక్ టవర్. ఆ అనంతపురం దాని వెనక సరదా ఉంది. స్వాతంత్ర్యం గుర్తుగా నిలబెట్టిందది. వెడల్పు 15 అడుగులు, ఎనిమిది పలకలు, ఎత్తు 47 అడుగులు అని చెప్తారు. ఆగస్టు పదిహేను, నలభై ఏడు. రాతి కట్టడం మీద తారీఖు రాయకుండా తారీఖునే కట్టడంగా కట్టారన్నమాట.

ఇక భాగ్యనగరం సంగతి వేరు. అక్కడివాళ్లకి గడియారాల పిచ్చి. చార్మినారుకే 1889లో నాలుగు వైపులా గడియారాలు తగిలించారు. మహబూబ్ చౌక్‌లో 1892లో అస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఇంకొకటి. నాలుగడుగులేస్తే ఇది, మరో నాలుగడుగులేస్తే అది. సికిందరాబాదులో 120 అడుగుల క్లాక్ టవర్ లేపి 1897 ఫిబ్రవరి 1న ప్రారంభం చేశారు. అందులో గడియారాన్ని సేఠ్ లక్ష్మీనారాయణ రామగోపాల్ అనే దాత ఇచ్చాడు. ఇన్ని గడియారాలున్న ఊళ్లో ఎవరైనా టైముకొచ్చారా అంటే, ఆ మాట నన్నడక్కు. అక్కడ నాకు చుట్టాలున్నారు.

మాటల పట్టింపు గురించి చెప్తాను. మా చిన్నప్పుడు ఊళ్లోకి ఓ వ్యాకరణ పండితులు వచ్చారని మా నాన్న చెప్పేవాడు. రైలు దిగి జట్కా ఎక్కారు. గంటస్తంభం అంటే నోరు ఒప్పలేదు ఆయనకి. గంట తెలుగైపోయిన మాట, స్తంభం సంస్కృతం, రెండూ కలిపితే వైరి సమాసం. అంచేత నిండుగా "ఘంటాస్తంభం పోనీయవోయ్" అన్నారు. జట్కావాడికి ఘంటా వరకే వినపడింది. "చిత్తం బాబూ" అని తిన్నగా తీసుకెళ్లి సంగీత కళాశాల ముందు దింపాడు. ఘంటసాల వారికోసం వచ్చిన పెద్దమనిషి కాబోలనుకున్నాడు పాపం! పండితులవారికి సమాసం దక్కింది, జట్కాకి ఇంకో బేడ వదిలింది.

ఘంటసాల అంటే మీకు పాటే తెలుసు. ఆ ఇంటిపేరు కృష్ణా జిల్లాలో ఉన్న ఊరి పేరు. ఆయన కుర్రతనంలో సంగీతం కోసం మనూరొచ్చాడు. 1919లో పెట్టిన మహారాజావారి కళాశాల అది, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఘంటసాలకి పట్రాయని సీతారామశాస్త్రిగారు గురువు. జోలె కట్టుకుని ఇంటింటికీ మధూకరం ఎత్తుకుని తిని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అందులో నామోషీ లేదు. వారాలు చెప్పుకునే పిల్లలు, మధూకరం ఎత్తే పిల్లలు ప్రతి వీధిలో ఉండేవారు. సోమవారం ఫలానా వారింట, మంగళవారం ఫలానా వారింట. ఇంటావిడ తన పిల్లలతో పాటే విస్తరి వేసేది. చదువుకి అన్నం పెట్టడం ఊరి మర్యాద. భోజనానికి ఆలస్యమైతే తిట్లు కూడా పిల్లలతో పాటే పెట్టేదనుకో. మరి ఆ కుర్రాళ్లకి వేళ తెలిసేదెలా? గంట విని. చూశావా, ఎటు తిరిగినా మళ్లీ స్తంభం దగ్గరకే వచ్చాను.

ఇప్పుడు స్తంభమన్న మాట. నీ అనుమానంలో సగం అదే కదా. మనవాళ్ల వాడుకలో ఒక పద్ధతుంది. గుడికో చర్చికో అంటిపెట్టుకుని లేస్తే గోపురం. బజారు నడుమ ఒంటిగా నిలబడితే స్తంభం. లోపల మెట్లున్నా గదులున్నా పట్టించుకోరు. సముద్రపొడ్డున ఓడలకి దారి చూపే దీపస్తంభం లోపల కూడా మెట్లుంటాయి, దాన్నేమైనా మేడ అన్నామా? అలాగే మెదక్ చర్చి మీద 175 అడుగుల ఎత్తున లేచింది గంటగోపురం, గంటస్తంభం కాదు. ఆ చర్చి కథ కూడా చెప్పుకోదగ్గదే. 1914లో పని మొదలెట్టి 1924 క్రిస్‌మస్ నాడు తెరిచారు. పోస్నెట్ అనే దొర కరువుకాలంలో చుట్టుపక్కల జనానికి దానధర్మం కాకుండా పని ఇచ్చి, పనికి కూడు పెట్టి కట్టించాడు. అన్నం తిన్నవాళ్లకి తలొంచుకునే అవసరం లేకుండా పోయింది, ఊరికో కట్టడం మిగిలింది.

గుళ్లలో అయితే గంటకి మంటపమే. తిరుమల కొండమీద బంగారువాకిలి ముందు తిరుమామణి మంటపం ఉంది చూడు, 1417లో చంద్రగిరి మల్లన కట్టించింది, దాన్నే ఘంటా మంటపమనీ అంటారు. నైవేద్యం వేళ అక్కడ పెద్ద గంటలు మోగుతాయి. చంద్రగిరి వాళ్లు ఓ ముచ్చట చెప్పుకుంటారు. స్వామికి ఆరగింపు కానిదే రాయలవారు అన్నం ముట్టేవారు కాదట. కొండమీద గంట వినగానే దారిలో ఉన్న గంట మంటపాల వాళ్లు ఒకరి వెనక ఒకరు తమ గంటలు మోగిస్తే, ఆ మోత అంచెలంచెలుగా కోటకి చేరేదట. రాజుకి ఆకలెక్కువైన రోజున నడిమి మంటపం వాడు ముందే కొట్టేశాడేమో అని నా అనుమానం. పాపం శమించుగాక! ఇంకో నమ్మకం కూడా ఉంది. వేదాంత దేశికులు తిరుమల గంట అవతారమనీ, వాళ్లమ్మకి కలలో స్వామి గంట దక్కాకే ఆయన పుట్టారనీ వైష్ణవులు చెప్తారు. అందుకే గర్భాలయంలో పూజకి చేతిగంట వాడరట.

ఇదంతా మన దగ్గరే అనుకునేవు. లండనులో బిగ్‌బెన్ అంటారు కదా, అది గోపురం పేరు కాదు, లోపల వేలాడే గంట పేరు. 1859 నుంచి మోగుతోంది, పదమూడు టన్నుల పైచిలుకు బరువు. గోపురానికి 2012లో రాణిగారి పేరు పెట్టి ఎలిజబెత్ టవర్ అన్నారు. ఎవరైనా అంటున్నారా? బిగ్‌బెన్ అనే అంటున్నారు. అక్కడా కట్టడాన్ని మించిపోయింది గంట. ఇంగ్లీషువాళ్లు గంటగోపురాన్ని బెల్‌ఫ్రీ అంటారు. తమాషా ఏమిటంటే, ఆ మాటలో మొదట గంటే లేదు. కోటల మీదికి దండెత్తినప్పుడు చక్రాల మీద తోసుకెళ్లే కొయ్య గోపురానికి ఆ పేరుండేది. పలికి పలికి అందులో బెల్లు వినపడటం మొదలెట్టాక గంటగోపురానికే స్థిరపడిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. మనం నయం. మన మాటలో గంట మొదట్నుంచీ ఉంది.

నాకు బాగా నచ్చిన కథ మాత్రం బొంబాయిది. అక్కడ విశ్వవిద్యాలయంలో రాజాబాయి టవరుంది, 280 అడుగులు, 1878లో పూర్తయింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే షేర్ల వ్యాపారి రెండు లక్షలిచ్చి, వాళ్లమ్మ పేరు పెట్టమన్నాడు. ఆవిడ జైనురాలు, పొద్దుగుంకేలోపు భోజనం కావాలి. కళ్లు కనపడవు. ఆ గంటలు విని వేళ తెలుసుకునేదట, ఎవర్నీ అడగకుండా. బొంబాయి కట్టడాల్లో మన కామాఠీల చెమట చాలా ఉంది లే, అది ఇంకో రాత్రి చెప్తాను. ఇప్పుడు నేనన్న మాట గుర్తుతెచ్చుకో. గంట చూడలేనివాళ్ల కోసం. రాజాబాయి ఇంట్లో అది కన్నులేని తల్లి, మనూళ్లో అది అక్షరం లేని సంత.

ఆగు ఆగు, లేవకు. అసలు గొడవ ఇంకా ఉంది. ఊరి గంట ఊరికి నిజమే, కానీ ఏ ఊరి టైము? సూర్యుడు మద్రాసులో కంటే మనకి పన్నెండు నిమిషాల ముందే నెత్తి మీదికొస్తాడు. రైలొచ్చాక రైలువాళ్లు మద్రాసు టైము అన్నారు. కలకత్తాకి కలకత్తా టైము, బొంబాయికి బొంబాయి టైము. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. చివరికి 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకటే టైము అన్నారు. దానికి ఆధారమైన గీత ఎక్కణ్నుంచి పోతుందనుకున్నావు? మన అన్నవరానికీ తునికీ మధ్య నుంచి! దేశం మొత్తం గడియారాలు మన కొబ్బరితోటల మీద సూర్యుణ్ని చూసి నడుస్తున్నాయిరా, ఛాతీ విరుచుకో. మద్రాసు గడియారాలు ఆ రోజు తొమ్మిది నిమిషాలు ముందుకి జరిగాయి. బొంబాయి వాళ్లూ కలకత్తా వాళ్లూ మాత్రం మొండికేశారు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా.

మా తాత ఆ మార్పు గురించి చెప్తూ నవ్వేవాడు. రైలు తప్పినవాళ్లంతా అప్పటినుంచీ "మాది పాత టైమండీ" అని చెప్పుకునేవారట. ఆ తొమ్మిది నిమిషాల సాకుతో ఒక తరం బతికేసింది. పంచాంగం వాళ్లకీ తిప్పలే. ఘడియలూ విఘడియలూ సూర్యోదయం నుంచి లెక్క, జనమేమో గంటలడుగుతున్నారు. దాంతో గంటల పంచాంగం పుట్టింది. పాత పంతుళ్లు దాన్ని ముట్టేవారు కాదు గానీ, పడక్కుర్చీ కింద మాత్రం ఒకటి ఉండేది.

తర్వాత చేతి గడియారాలొచ్చాయి. 1957లో నయాపైసలొచ్చి అణాలు మాయమైతే, 1961లో బెంగుళూరులో హెచ్ఎంటీ వాళ్లు జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో గడియారాలు మొదలెట్టారు. ఇక పెళ్లికొడుకులకి పట్టుకుంది జ్వరం. సైకిలు, ఉంగరం, గడియారం. మావాళ్లలో ఓ అల్లుడు గడియారం పెట్టందే అలకపాన్పు దిగనన్నాడు. మామగారు అప్పుచేసి తెచ్చారు. పెట్టుకున్నాడు, చొక్కా చేయి పైకి మడిచి ఊరంతా తిరిగాడు. కీ ఇస్తే స్ప్రింగు తెగుతుందేమోనని భయపడి కీ ఇచ్చేవాడు కాదు! అది ఎప్పుడూ పదీ పది చూపించేది. ఎవరైనా "టైమెంతండీ?" అంటే దర్జాగా మణికట్టు చూసుకుని, చెవి మాత్రం వీధివైపు వేసి, "ఇప్పుడే గంట కొట్టింది, ఐదు" అనేవాడు. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు, చేతికి మాత్రం గడియారం.

అలా ఒక్కొక్కరి చేతికీ ఒక్కొక్క టైము వచ్చాక ఊరి గంటతో పని తగ్గిపోయింది. మాట మాత్రం పోలేదు. అది టైము చెప్పే మాటగా పుట్టి చోటు చెప్పే మాటగా స్థిరపడింది. "గంటస్తంభం కాడ దిగు", "గంటస్తంభం కాడ బట్టల కొట్టు", "గంటస్తంభం కాడ నిలబడి అరిచినా నాకు భయం లేదు". ఎవరి పరువు తీయాలన్నా అక్కడే, ఊరేగింపు ఆగాలన్నా అక్కడే. మనూరి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇప్పుడు లాంతర్ల వెలుతురుతో ఎవరు నడుస్తున్నారు? అయినా మూడు లాంతర్లే. పేరు పెట్టుకున్న జనం, పని అయిపోయిందని పేరుని వెళ్లగొట్టరు. ఇంట్లో ముసలాణ్ని కూడా అలాగే ఉంచుకుంటారని నా ఆశ. ఏరా, ఏమంటావు?

ఆవలింత వచ్చిందా? సరే, వదిలేస్తాను. రేపు బజారుకెళ్లి నాకు జామకాయలు పట్రా. బండివాడితో "క్లాక్ టవర్ ఎటండీ" అని మాత్రం అనకు. ఆ మాట వినగానే పొరుగూరి మనిషివని పసిగట్టి కిలోకి ఇరవై రూపాయలు ఎక్కువ చెప్తాడు. "గంటస్తంభం కాడ మా తాతుంటాడు, ఆయనకి" అను. ఇరవై తగ్గించడమే కాదు, ఓ కాయ కొసరు కూడా వేస్తాడు. వెయ్యకపోతే అడుగు. కొసరు అడగడం కూడా మరిచిపోయారర్రా మీరు, దాని కథ రేపు చెప్తాను.